మంథని మిషన్

"హలో, మంథని మిషనేనా?"

ఏడో తరగతికి పద్యం చెప్పి వచ్చి స్టాఫు రూములో అప్పుడే కూర్చున్నాను. తెలియని నంబరు. రాంగ్ నంబరు అని పెట్టేయబోతే అవతలి మనిషి వదల్లేదు.

"గిదే నంబరు ఉంది బాయీ. ఫోన్ల 'మంథని మిషన్' అని రాసుకున్నడు. మీది రిపేరు దుకాణమా? నేను ఆదిలాబాద్ నుంచి, ఇంటి ఓనర్ని. మా ఇంట్ల కిరాయికుండె సారు నిన్న గుజర్ గయా. నిద్రలనే పోయిండు. రూముల ఒక కంప్యూటర్ ఉంది, తీస్కపోతరేమో అని ఫోన్ చేసిన."

నేను రిపేరు దుకాణం కాదు, టీచర్ని అని చెప్పాను. ఎప్పుడు, ఎలా అని అడిగాను. ఆయన చెప్పినవి సగం వినిపించాయి, సగం వినిపించలేదు. ఫోను పెట్టేశాక నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఇన్నేళ్ళ పరిచయం తర్వాత కూడా ఆ పోయిన మనిషి ఫోన్లో నాకు నా పేరు దక్కలేదు. ఆయన లెక్కలో మంథని అంటే నేను కాదు, మా అవ్వ కాదు, పక్కనే పారే గోదావరి అసలే కాదు. మా ఇంట్లో మూలకు ఉన్న ఒక పాత కంప్యూటరు. సరే, ఆయన నా పేరు రాసుకోలేదు కాబట్టి నేనూ ఆయన పేరు రాయను. చెల్లుకు చెల్లు.

మేము ఆయన్ను సార్ అనేవాళ్ళం. కరీంనగర్ పొలిమేరలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ ఉండేది. అందులో కంప్యూటర్ ల్యాబు ఆయన చేతిలో ఉండేది. పిల్లలు చేరక కాలేజీ మూతపడితే ల్యాబులోని మిషన్లన్నీ గంపగుత్తగా అమ్మేశారు. కొన్ని జమ్మికుంటలో జిన్నింగు మిల్లుకు పోయాయి, కొన్ని హుస్నాబాద్‌లో ట్యూషన్లు చెప్పేచోటికి పోయాయి, మిగతావి ఎక్కడెక్కడికో. ఒకటి ఆయనే ఉంచుకున్నాడు. తెలుగు టైపు చేసుకోవడానికి చౌకగా వస్తుందని నేను ఒకటి కొన్నాను. మిషన్ వచ్చిన నెలకు వెనకాలే ఆయనా వచ్చాడు.

అత్తగారింటికి పంపిన బిడ్డను చూడవచ్చే తండ్రిలా వచ్చేవాడు. చేతిలో పండ్లకు బదులు ఒక స్క్రూడ్రైవరు, ఒక పెయింటు బ్రష్షు. కుశలప్రశ్నలు నాకు కాదు, దానికి. పక్క రేకు విప్పి, బ్రష్షుతో దుమ్ము దులిపి, చేతి వెనకవైపు దానికి ఆనించి కాసేపు కళ్ళు మూసుకునేవాడు. అరచేత్తో ఎప్పుడూ ముట్టుకునేవాడు కాదు. అరచేయి పనులు చేసీ చేసీ మొద్దుబారుతుందట, వేడి సంగతి చేతి వెనకే నిజం చెబుతుందట. చాయ గ్లాసునూ అలాగే చూసేవాడు. ఒకసారి మా అవ్వకు జ్వరమొస్తే ఆమె నుదుటినీ అలాగే చూసి, "కొంచెం ఎక్కువున్నది, ఇంకా అలారం దాకా రాలే" అన్నాడు.

ఇంతకీ ఆ మిషన్ మీద ఆయనకు ఎందుకంత ప్రేమ అంటే చెప్పాలి. వాటి లోపల ఒక చిప్పు ఉంటుంది. లోపలి వేడి కొలవడం, దాన్ని బట్టి ఫ్యాను వేగం పెంచడం, తగ్గించడం దాని పని. కాలేజీలో అన్నిటిలోనూ మిషన్‌ను నడిపించడానికి ఉచితంగా దొరికే లినక్స్ వేశారు. లినక్స్‌కు నడిమింట కూర్చున్న ఇంటి పెద్దలాంటిది కెర్నెల్. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి దాన్ని రాస్తారు, దిద్దుతారు. ఆ పెద్దమనిషికి ఈ చిప్పు భాష రాదు. చిప్పు చేసినవాళ్ళు దుబాసీని ఇవ్వకుండానే దుకాణం మూసేశారు. ఎండాకాలం వచ్చేసరికి ల్యాబులో మిషన్లు వేడెక్కి ఒకదాని వెనక ఒకటి ఆగిపోయేవి. ఈయన కూర్చుని, ఆ చిప్పు ఏ అంకెకు ఏమంటున్నదో తనే కనిపెట్టి, ఆ దుబాసీని రాశాడు. దాన్నే డ్రైవర్ అంటారు. మెయిల్లో వాళ్ళకు పంపితే నెలల తరబడి వంకలు పెట్టి, దిద్దించి, మళ్ళీ వంకలు పెట్టి, చివరికి కెర్నెల్లో కలుపుకున్నారు. దాని మంచిచెడ్డలు చూసే మనిషిగా ఆయన పేరు అందులో ఎక్కింది.

ఇంత భారతమూ మా అవ్వకు రెండు ముక్కల్లో చేరింది. ఫ్యాన్ల సారు.

"సారూ, నువ్వు ఫ్యాన్లు జేస్తవట గదా. మా సీలింగు ఫ్యాను కిర్రుకిర్రుమంటాంది, జర సూడరాదు" అంది రెండోసారి వచ్చినప్పుడే.

"'మా సీలింగు ఫ్యాను కిర్రుకిర్రుమంటాంది, జర సూడరాదు' అంటున్నరు. చూస్త పెద్దమ్మా. స్టూలుందా?"

"గదే గదా నేనన్నది!"

ఆయన మాట తీరే అంత. మనం అన్నది అక్షరం పొల్లు పోకుండా మనకే అప్పజెప్పి, తర్వాత జవాబు చెప్పేవాడు. వెక్కిరిస్తున్నాడేమో అని మొదట్లో నాకు ఒళ్ళు మండింది. తర్వాత అడిగితే చెప్పాడు. ఆ కెర్నెల్ వాళ్ళ మెయిళ్ళలో ఒక పద్ధతి ఉందట. ఎదుటివాళ్ళ మాట పైన అలాగే ఉంచి, దాని కింద మన మాట రాయాలట. ఎవరు దేనికి జవాబు చెబుతున్నారో చదివే మూడో మనిషికి తెలియాలి కదా. కాలేజీ పోయాక ఆయన మాట్లాడింది ఎక్కువగా ఆ మెయిళ్ళలోనే కాబట్టి నోటికీ అదే అలవాటైంది. మా అవ్వ మాత్రం పాపం చెవుడేమో అనుకుని గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టింది. ఆయనా అంతే గట్టిగా ఆమె మాట ఆమెకు వినిపించేవాడు. అన్నం తిన్నవా, తిన్న అనే ముచ్చట వాడకట్టంతా వినేది.

నాకు మాత్రం రానురాను అది బాగుండేది. నేను, మా అవ్వ, అంతే మా ఇల్లు. బడిలో నా మాట నలభై మంది పిల్లలు వింటారు కానీ ఒక్కడి చెవికీ ఎక్కదు. నేనన్న మాటను ఒక మనిషి మొత్తం విని, మార్చకుండా నాకు తిరిగి చెప్పడం అప్పటికి చాలా కాలంగా జరగలేదు. ఆయన వస్తానన్న ఆదివారం నేను ఇల్లు ఊడ్చి, మిషన్ మీద దుమ్ము మాత్రం అలాగే ఉంచేదాన్ని. దులపడానికి ఆయనకు ఏమన్నా ఉండాలి కదా.

ఆయన తరచూ అనే మాట ఒకటుంది. "ఎర్క లేనప్పుడు ఫ్యాన్ తిప్పాలె." ఆ డ్రైవర్లో అది ఒక నియమం. చిప్పు నుంచి వేడి ఎంతో కబురు రాకపోతే, అంతా బాగానే ఉందని అనుకోకూడదు. లోపల మంట పుట్టిందనే అనుకుని ఫ్యాను పూర్తి వేగంతో తిప్పాలి. మనుషుల దగ్గరా ఆయనది ఇదే నియమం. ఎండనపడి ఎవరు వచ్చినా టేబుల్ ఫ్యాను వాళ్ళ వైపు తిప్పి, తను గోడవారకు జరిగి చెమటలు కక్కుతూ కూర్చునేవాడు. నేను రెండు వారాలు ఫోన్ చేయకపోతే మూడో వారం తనే చేసేవాడు. "ఏం కబురు లేదు, అందుకని చేసిన" అనేవాడు. అంతే, ఇంకేం మాట ఉండేది కాదు. నేను బాగున్నానంటే, బాగున్నానన్న మాటను నాకు చెప్పి పెట్టేసేవాడు.

ఒక చలికాలం ఆయనకు ఆ కెర్నెల్ వాళ్ళ నుంచి మెయిలు వచ్చింది. మర్యాదగానే రాశారు. ఈ చిప్పు ఉన్న మిషన్లు ఇప్పుడు ఎక్కడా కనిపించడం లేదు, మీరు కాకుండా ఈ డ్రైవర్ను ఇంకెవరన్నా వాడుతున్నారా, వాడుతుంటే కొత్త కెర్నెల్ మీద పరీక్షించి పేరు ఇమ్మనండి, లేదంటే ఎండాకాలం తర్వాత తీసేద్దామనుకుంటున్నాం. వాళ్ళ దగ్గర ఇదొక ఆచారం. పరీక్షించినవాళ్ళ పేరు ఆ మార్పు కింద శాశ్వతంగా ఉండిపోతుంది. రాసినవాడి సాక్ష్యం మాత్రం చెల్లదు.

"దానికేముంది, నేను లేనా?" అన్నాను.

"'నేను లేనా' అంటున్నరు. మీరు సొంతమనిషి కింద లెక్క టీచరమ్మా. సొంతోళ్ళ సాక్ష్యం ఏం సాక్ష్యం? బయటోళ్ళు దొరుకుతరేమో చూద్దాం."

సొంతమనిషి అన్నాడని నాకు ఎంత సంతోషమైందో, పనికిరావన్నాడని అంత చిన్నతనమైంది. ఏది ముందో తేల్చుకోలేక చాయ పెట్టడానికి లోపలికి పోయాను.

జమ్మికుంటకు ఆయనతో నేనూ పోయాను. ఆదివారం, నాకు వేరే పనేమీ లేదు. పెద్దపల్లిలో బస్సు మారాం. పత్తి సీజను. మార్కెట్ యార్డు బయట రోడ్డు పొడవునా పత్తి బండ్లు, ట్రాక్టర్లు. బస్సు కదలక కిటికీలోంచి దూది పోగులు ఎగిరివచ్చి ఆయన నెరిసిన తల మీద వాలుతున్నాయి. అక్కడే, బస్సు ఆగినచోట, నేను అడక్కుండానే చెప్పాడు.

"నాకు మెయిల్ రాసేది ఆళ్ళే టీచరమ్మా. తప్పు పట్టుకుంట రాసినా ఆళ్ళే. తమ్ముడుండె, వాడు పోయిండు. ఈ డ్రైవర్ తీసేసిన్రనుకో, ఇగ నాకు రాసెటందుకు ఎవరికీ ఏం పని ఉండది."

నాకు మెయిలు రాయడం రాదా ఏమిటి? కానీ పని లేకుండా రాసే మెయిలు ఆయన లెక్కలోకి రాదని అప్పటికి నాకు తెలుసు.

మిల్లు ఆఫీసులో గుమాస్తా మమ్మల్ని చూసి సంబరపడ్డాడు. కాలేజీ మిషన్లలో అన్నీ పోయాయి కానీ ఒకటి మాత్రం ఇంకా నడుస్తున్నదట. సార్ మొహం వెలిగిపోయింది. వెళ్ళి చూద్దుము కదా, దాని రెండు పక్కల రేకులూ లేవు. లోపల దూది గూడు కట్టింది. ఎదురుగా పెద్ద టేబుల్ ఫ్యాను గర్రున దాని మీదికే తిరుగుతున్నది.

"లోపటి చిన్న ఫ్యాను ఊకె లొల్లి పెడుతుండె సార్. దూది ఇరుక్కుంటాంది. వైరు పీకి పారేసిన. గిప్పుడు గీ ఫ్యాను పెట్టినం, మస్తు నడుస్తుంది, ఒక్క రోజు ఆగలే."

ఆయన చేతి వెనకవైపు దానికి ఆనించి చూశాడు. చల్లగానే ఉందన్నాడు. అంటే మిషన్ బతికే ఉంది, కానీ ఆయన డ్రైవర్‌తో దానికి పని లేదు. తిప్పడానికి లోపల ఫ్యానే లేదు మరి. సంగతి చెబితే గుమాస్తా పెద్దమనసుతో, "దానికేంది సార్, నా పేరు రాసుకోన్రి. వాడుతున్నమనే చెప్పున్రి. ఎవరొచ్చి చూస్తరు?" అన్నాడు.

"'ఎవరొచ్చి చూస్తరు' అంటున్నవు. ఎవరు రారు బాబూ. అందుకే రాయొద్దు" అన్నాడు సార్. పోయేముందు లోపలి దూదంతా బ్రష్షుతో తీసి, శుభ్రం చేసి మరీ పోయాడు.

హుస్నాబాద్‌కు ఒక్కడే పోయివచ్చాడు. అక్కడి మిషన్లు పాత ఇనుము కింద పోయాయట, మిగిలిన ఒకదాని మీద తాగునీళ్ళ క్యాను పెట్టుకున్నారట. అది చెప్పి నవ్వాడు. "ఎత్తు సరిగ్గ సరిపోయింది టీచరమ్మా" అన్నాడు. ఆ నవ్వు నాకు అస్సలు నచ్చలేదు.

మే నెలలో మా ఇంటికి వచ్చాడు. ఇక బయటివాళ్ళు ఎవరూ మిగల్లేదు. చెల్లినా చెల్లకపోయినా సొంతమనిషే దిక్కు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు చేసేద్దామంటే వినలేదు. చలి దేశాల్లో కూర్చున్నవాళ్ళకు మన ఎండ ఎరుక ఉండదని, పరీక్ష అంటే మంథని మధ్యాహ్నంలోనే జరగాలని పట్టుబట్టాడు. గోడలు సెగలు కక్కుతున్నాయి. అవ్వ తడిగుడ్డ తల మీద వేసుకుని గడప దగ్గర కూర్చుంది. ఆయన అలవాటుగా టేబుల్ ఫ్యాను అవ్వ వైపు తిప్పి, మిషన్ ముందు నన్ను కూర్చోబెట్టాడు. పరీక్షించేది నేనే కాబట్టి మీట నొక్కేదీ నేనే కావాలట. తను పక్కన నిలబడి చెప్పాడు.

కొత్త కెర్నెల్ ఎక్కించాం. మిషన్‌కు ఊపిరాడనంత పని పెట్టాం. తెర మీద వేడి అంకె ఎక్కుతున్నది, దాని వెనకే ఫ్యాను వేగం అంకె. అవి రెండూ ఒకదాని చేయి ఒకటి పట్టుకుని మెట్లెక్కుతున్నట్టు ఎక్కాయి. నాకు చూడముచ్చటగా ఉంది. అక్కడితో ఆపితే అయిపోయేది. కానీ ఆయన నియమం ఇంకొకటి మిగిలి ఉంది. ఫ్యానును మనమే కావాలని ఆపేస్తే, వేడి హద్దు దాటగానే డ్రైవర్ మన మాట వినకుండా తనంతట తను దాన్ని తిప్పాలి. అది కూడా చూడకుండా పరీక్షించామని రాయకూడదు.

"వద్దు సార్, ముసలిది" అన్నాను. మిషన్ సంగతే.

"'వద్దు సార్, ముసలిది' అంటున్నరు. ముసలిదానికే గదా ఇది పనిచేయాల్సింది?"

ఫ్యాను ఆపాను. మిషన్ మోత ఒక్కసారిగా ఆగింది. అంకె ఎక్కుతున్నది. హద్దు దాటింది. ఫ్యాను గుర్రుమని లేచింది, మేమెవ్వరం ముట్టుకోకుండానే. అంకె ఆగింది, మెల్లగా దిగడం మొదలుపెట్టింది. ఆయన నా భుజం తట్టాడు. ఇన్నేళ్ళలో అదొక్కసారే. "చూసిన్రా టీచరమ్మా, చూసిన్రా? కళ్ళార చూసిన్రు గదా?" అన్నాడు. చూశానన్నాను. అవ్వ కూడా గడప దగ్గర నుంచి "సూసిన సారూ" అని గట్టిగా అరిచింది.

ఆ తర్వాత లోపల టప్‌మని చిన్న చప్పుడైంది. కాలిన వాసన వచ్చింది. తెర నల్లబడింది.

ఆయన రేకు విప్పి చూశాడు. డ్రైవర్ తప్పేమీ లేదట. బోర్డు మీద ఏదో ముసలి ముక్క ఆ వేడికి ఉబ్బి పగిలిందట. ఇక అతకదట. చేతి వెనకవైపు దాని మీద పెట్టి అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. అది చల్లబడేదాకా చేయి తీయలేదు.

"పనిచేసింది కదా సార్. నా కళ్ళతో చూశాను. నా పేరు రాయండి" అన్నాను.

"'నా పేరు రాయండి' అంటున్నరు. రాస్త. పరీక్షించిన్రని రాస్త, అది నిజం. కాని 'వాడుతున్నరా' అని గదా ఆళ్ళు అడిగింది. వాడెటందుకు మిషన్ ఏది?"

"పొద్దున దాకా వాడలేదా? అది చాలదా?"

"చాలది టీచరమ్మా."

నాకు కోపం ఆగలేదు. ఇంత సత్యం ఎవరి కోసమని అడిగాను. ఒక్క అబద్ధానికి ఏ ఊరు మునుగుతుందని అడిగాను. ఆయన నా ప్రశ్నలన్నీ వరసగా నాకు అప్పజెప్పాడు, జవాబు మాత్రం ఒక్కటే చెప్పాడు. వేడి ఎంతుంటే అంత చెప్పడమే దాని పని, దాన్ని నిలబెట్టడానికి తను తప్పు అంకె చెబితే ఎట్లా అన్నాడు. అక్కడే తన లాప్‌టాప్ తీసి మెయిలు రాశాడు. ఫలానా ఊళ్ళో ఫలానా ఆమె పరీక్షించింది, డ్రైవర్ సరిగ్గా పనిచేసింది, ఆ పరీక్షలోనే మిషన్ పోయింది, ఇప్పుడు నేను తప్ప వాడేవాళ్ళు ఎవరూ లేరు, తీసేయడానికి నాకు అభ్యంతరం లేదు. నకలు నాకు కూడా పెట్టాడు. తీసేసే మార్పు కూడా వేరేవాళ్ళను రాయనివ్వలేదు. "పెంచింది నేను, సాగనంపేది గూడ నేనే" అని కొన్ని రోజుల తర్వాత తనే రాసి పంపాడు.

ఆ ఏడే ఆదిలాబాద్‌లో ఒక బడివాళ్ళు కంప్యూటర్లు చూసుకోవడానికి పిలిచారని పోతానన్నాడు. చెప్పి పోవడానికి మా ఇంటికి వచ్చాడు.

"గంత దూరం ఎందుకు సారూ?" అంది అవ్వ.

"అక్కడ చలి మంచిగుంటది పెద్దమ్మా. మిషన్లకు మంచిది."

"మిషన్లకు మంచిదే. మరి నీకో?"

"'మరి నీకో' అంటున్నరు" అన్నాడు. చెప్పులు వేసుకుని బయల్దేరాడు.

ఆదిలాబాద్ చలి సంగతి తెలిసిందే. వేళ్ళు కొంకర్లు పోతాయి. అక్కడి నుంచి అప్పుడప్పుడూ ఫోన్ చేసేవాడు. ఒక సాయంత్రం, "ఈడ చలి పెరిగింది. మిషన్ల ఫ్యాన్ తిరుగుతలేదు" అన్నాడు. చెడిపోయిందా అని అడిగాను. చెడిపోలేదట. అంత చలిలో అవసరం లేక డ్రైవరే ఆపేసిందట. ఆయన మాత్రం పాత కెర్నెల్లోనే ఉండిపోయి ఆ డ్రైవర్నే వాడుకుంటున్నాడు. మంచిదే కదా అన్నాను.

"'మంచిదే కదా' అంటున్నరు. మంచిదే. కాని ఇల్లు మొత్తం సప్పుడు లేదు టీచరమ్మా. అందుకని దానికేదో ఒక పని చెప్పి పెడుతున్న. పెద్ద పెద్ద లెక్కలు. ఎందుకూ పనికిరానియి. అది జర వేడెక్కుతది, ఫ్యాన్ తిరుగుతది. నేను అన్నం తింట."

ఆ రోజు ఫోను పెట్టేశాక నాకు అన్నం సహించలేదు. వచ్చి మా దగ్గరే ఉండండి అనే చుట్టరికం మా మధ్య లేదు. ఉన్నా ఆయన వచ్చే మనిషి కాదు.

ఇంటాయన ఫోను వచ్చిన మర్నాడు ఆదిలాబాద్ పోయాను. బడికి సెలవు చీటీ రాయాలి, చనిపోయింది ఎవరని రాయాలి? చుట్టం కాదు, కొలీగు కాదు. పని ఉంది అని రాసి ఇచ్చాను. నేను పోయేసరికి అంతా అయిపోయింది. ఇంటాయన, వాడకట్టువాళ్ళు నలుగురు కలిసి మంచిగానే సాగనంపారు. పాపం వాళ్ళకు మాత్రం ఏం తెలుసు? నన్ను చూసి, "మీరేమైతరు బాయీ?" అని అడిగారు. ఏమీ కానన్నాను. అయితే ఇక మాట్లాడేదేముంది, కంప్యూటర్ ఆటోలో పెట్టించి పంపారు. బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చాను. బెల్లంపల్లి దాకా ఏడ్చాను.

ఊరికి వచ్చాక ఆ మాట చెప్పుకోవడానికి మనిషి లేడు. సొంతవాళ్ళు పోతే వాకిట్లో చెప్పులు నిండుతాయి, వచ్చినవాళ్ళు చేయి పట్టుకుని ఎట్లా జరిగిందని అడుగుతారు, అడిగినవాళ్ళకు మళ్ళీ మళ్ళీ చెబుతూ ఉంటే బరువు దిగుతుంది. నాకు ఎవరు వస్తారు, ఎందుకు వస్తారు? బడిలో పని అయిందా టీచర్ అని అడిగారు, అయిందన్నాను. అవ్వ రెండు రోజులు ఫ్యాన్ల సారు, ఫ్యాన్ల సారు అని తలుచుకుని ముక్కు చీదింది. తర్వాత ఆమె కూడా మానేసింది.

పోయిన వారం, ఆదివారం పొద్దున, ఫోన్లో ఒక మెయిలు చూశాను. ఆయనకు రాసింది. ఆ పాత మెయిళ్ళ వరసలో నా పేరు కూడా ఉంది కాబట్టి నాకూ వచ్చింది. ఎవరో చలి దేశపు మనిషి. సముద్రం ఒడ్డున చిన్న ఊళ్ళో గ్రంథాలయం చూసుకుంటాడట. వాళ్ళ దగ్గర ఆ చిప్పే ఉన్న వేరే కంపెనీ మిషన్ ఒకటి ఉందట, డ్రైవర్ లేకపోతే దాని ఫ్యాను తగ్గకుండా తిరుగుతుందట. మొన్న కెర్నెల్ కొత్తది వేస్తే ఫ్యాను పూర్తి వేగంతో మోతపెట్టి చదువుకునేవాళ్ళను లేపేస్తున్నదట. వెతికితే డ్రైవర్ను తీసేశారని తెలిసిందట. ఆ కింద ఇలా రాశాడు. "ఇన్నేళ్ళుగా నేను మీ డ్రైవర్నే వాడుతున్నాను. అది ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు. అందుకే మీకు ఎన్నడూ రాయలేదు."

నాకు ఒళ్ళంతా మండిపోయింది. ఒక్క ముక్క, వాడుతున్నాను అన్న ఒక్క ముక్క కోసం ఆ మనిషి చలికాలం నుంచి ఎండాకాలం దాకా బస్సులు పట్టుకుని తిరిగాడు. ఇప్పుడు తీరిగ్గా రాస్తావా అని తిడదామనుకున్నాను. తిట్టడానికి సరిపడా ఇంగ్లీషు ఆ క్షణంలో రాలేదు. పైగా అతని తప్పేముంది? బోరింగులో నీళ్ళు వస్తున్నంతకాలం బోరింగు వేసినవాడికి ఎవరన్నా ఉత్తరం రాస్తారా? ఆయన చనిపోయారు, నిద్రలో పోయారు, మీ ఉత్తరం చూసి ఉంటే చాలా సంతోషించేవారు అని రాసి పంపాను. అవ్వకు కాక, ఆయన పోయిన సంగతి నేను ఇంకొకరికి చెప్పడం అదే మొదలు.

సాయంత్రానికి జవాబు వచ్చింది. డ్రైవర్ను తిరిగి పెట్టమని తను అడుగుతాడట. పరీక్షించి పేరు కూడా ఇస్తాడట. తర్వాత ఒక వరస ఖాళీ వదిలి రాశాడు. "మీరు ఆయనకు ఏమవుతారో నాకు తెలియదు. పాత మెయిళ్ళన్నీ ఇప్పుడే చదివాను. చివరి దాంట్లో ఆ డ్రైవర్ తరఫున ఆయన పేరు, మీ పేరు తప్ప వేరే ఎవరూ లేరు. మీకు కలిగిన నష్టానికి నేను చాలా బాధపడుతున్నాను. ఎలా జరిగిందో, మీకు చెప్పాలని ఉంటే, చెప్పండి."

గొంతులోంచి ఏడుపు దానంతట అది బయటికి వచ్చింది. ఆదిలాబాద్ బస్సులో కూడా అంత గట్టిగా ఏడవలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఏమైంది బిడ్డా? ఎవలన్న అచ్చిండ్రా?" అంది అవ్వ లోపలి నుంచి.

"అచ్చిండ్రవ్వా" అన్నాను. "సారు పోయిండని, నన్ను పలకరించ అచ్చిండ్రు."